సంతకాలయ్యాక మొదలైన పని: ఒక హైస్కూల్ హెల్త్‌కేర్ ట్రాక్ కేస్ స్టడీ

అమెరికాలోని ఒక మధ్యతరహా పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) వర్క్-బేస్డ్ లెర్నింగ్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. హైస్కూల్ పిల్లలకు చదువుతోపాటు పని అనుభవం, కాలేజీ క్రెడిట్లు అందేలా అటు ఉద్యోగాలిచ్చేవాళ్లతో, ఇటు కాలేజీలతో మాట్లాడి ఏర్పాట్లు చేయడం నా ఉద్యోగం. ఇక్కడ చెప్పబోయే కేసులో భాగస్వాములు ముగ్గురు: మా హైస్కూల్, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల డిగ్రీలిచ్చే స్థానిక కాలేజీ), ఒక వృద్ధుల కేర్ సెంటర్. వాటి పేర్లు రాయను, రాష్ట్రం పేరూ రాయను. 12వ తరగతి పూర్తయ్యేసరికి విద్యార్థి చేతిలో స్కూల్ డిప్లొమా, నర్స్ ఎయిడ్ (నర్సుల కింద రోగుల రోజువారీ అవసరాలు చూసే సహాయకులు) సర్టిఫికెట్, నర్సింగ్ డిగ్రీలో నిజంగా లెక్కకు వచ్చే కొన్ని కాలేజీ క్రెడిట్లు ఉండాలన్నది మేం పెట్టుకున్న లక్ష్యం.

ఎంఓయూ మీద సంతకాలు తేలిగ్గానే అయిపోయాయి. సూపరింటెండెంట్, కాలేజీ డీన్, కేర్ సెంటర్ అడ్మినిస్ట్రేటర్ కలిసి ఫొటో దిగారు, లోకల్ పేపర్లో వచ్చింది. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు టైమ్‌టేబుల్‌తోనే కుస్తీ పట్టాం. స్కూల్ పీరియడ్లు, బస్సు ట్రిప్పులు, కేర్ సెంటర్ షిఫ్టులు, కాలేజీ సెమిస్టర్ తేదీలు ఒకదానితో ఒకటి ఎక్కడా కలిసేవి కావు. ఇలాంటి భాగస్వామ్యం పెట్టుకుంటున్నామని ఎవరైనా సలహా అడిగితే, ఒప్పందం సంగతి తర్వాత, ముందు ఒక పిల్లవాడి సోమవారం టైమ్‌టేబుల్ చూపించమంటాను. అందులో చోటు లేకపోతే మిగతాదంతా ఉపన్యాసమే.

ఆలోచన కొత్తదేం కాదు. 1969లో ఫిలడెల్ఫియాలోని ఎడిసన్ హైస్కూల్లో, స్థానిక విద్యుత్ కంపెనీ అండతో మొదటి కెరీర్ అకాడమీ పెట్టారు, అంటే హైస్కూల్లోపలే ఒక వృత్తి చుట్టూ చదువు అల్లిన విభాగం. 2011లో బ్రూక్లిన్‌లో ఐబీఎం, న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ, నగర విద్యాశాఖ కలిసి పీ-టెక్ స్కూల్ తెరిచాయి. 9వ తరగతిలో చేరిన పిల్లలు ఆరేళ్లలో హైస్కూల్ డిప్లొమాతోపాటు ఫీజు లేకుండా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ కూడా తీసుకుని బయటికి రావాలన్నది దాని పద్ధతి. ఇది నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు నాకు నచ్చే జవాబు ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో ఉంది. తొమ్మిది హైస్కూళ్లలో కెరీర్ అకాడమీ సీట్లకు లాటరీ తీసి, సీటొచ్చినవాళ్లనీ రానివాళ్లనీ స్కూలు తర్వాత ఎనిమిదేళ్లపాటు గమనించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. సీటొచ్చినవాళ్ల సంపాదన సగటున ఏడాదికి 11 శాతం ఎక్కువ, ఆ పెరుగుదల ముఖ్యంగా అబ్బాయిల్లో కనిపించింది. కాలేజీ చదువు దగ్గర మాత్రం రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. డిగ్రీలు పెరుగుతాయి, టెస్ట్ స్కోర్లు పెరుగుతాయి అని మీటింగుల్లో ఎవరైనా హామీలిస్తుంటే నేను ఈ అధ్యయనం బయటికి తీస్తాను. పిల్లలకు వచ్చే లాభం ఏమిటో తెలిస్తే, ఎక్కడ శ్రమ పెట్టాలో తెలుస్తుంది. ఇది చదివి నాకు అర్థమైందేమిటంటే, శ్రమ పెట్టాల్సింది పనిచోట.

మాకు డబ్బు వచ్చేది చాలావరకు పెర్కిన్స్ చట్టం కింద. వృత్తి విద్యకు ఫెడరల్ నిధులిచ్చే ఈ చట్టాన్ని 2018లో సవరించారు. దాని ప్రకారం రెండేళ్లకోసారి స్థానిక అవసరాల అంచనా తయారు చేయాలి. చుట్టుపక్కల ఏ ఉద్యోగాలున్నాయి, మా కోర్సులు వాటికి సరిపోతున్నాయా అని ఉద్యోగాలిచ్చేవాళ్లనీ, కాలేజీలనీ, తల్లిదండ్రులనీ కూర్చోబెట్టి అడగాలి. చాలా డిస్ట్రిక్టుల్లో ఇదొక ఫారం నింపే తంతు. మాకు మాత్రం ఒక మంచి జరిగింది. ఆ మీటింగుకు వచ్చిన కేర్ సెంటర్ డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్, తమ రాత్రి షిఫ్టుల్లో ఎంతమంది తక్కువ పడుతున్నారో లెక్కలతో సహా చెప్పారు. ఆస్పత్రులైతే పోస్టర్లు పంపుతాయి. అవసరం గట్టిగా ఉన్నది ఈవిడకే అని నాకు అప్పుడే అర్థమైంది. పెద్ద పేరున్న సంస్థ కోసం ఎదురుచూడకుండా అటువైపే వెళ్లాం.

నర్స్ ఎయిడ్ శిక్షణకు ఫెడరల్ నిబంధనలు ఖచ్చితంగా ఉన్నాయి. కనీసం 75 గంటల శిక్షణ, అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతిపని. అక్కడుండే పెద్దవాళ్లను ముట్టుకోకముందే క్లాసులో మరో 16 గంటలు పూర్తవ్వాలి: ఎలా మాట్లాడాలి, ఇన్ఫెక్షన్ అంటకుండా ఎలా చూసుకోవాలి, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలి, వాళ్ల హక్కులేమిటి. శిక్షణ బాధ్యత చూసే రిజిస్టర్డ్ నర్సుకు కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి, అందులో ఏడాదైనా దీర్ఘకాల సంరక్షణలో చేసి ఉండాలి. మా రాష్ట్రం దీనిమీద ఇంకొన్ని గంటలు కలిపింది, ఒక ఇన్‌స్ట్రక్టర్ వెంట ఫ్లోర్ మీద (పెద్దవాళ్లు ఉండే చోట) 10 మందికి మించి విద్యార్థులు ఉండకూడదంది. కాగితం మీద ఇవన్నీ కుదిరేవే.

అసలు చిక్కు పొద్దున్న ఎనిమిదిలోపు జరిగే పనిలో ఉంది. కేర్ సెంటర్లో ఎయిడ్ పని మొత్తం రోజంతా సమానంగా ఉండదు. పెద్దవాళ్లను నిద్రలేపడం, ఒళ్లు తుడవడం, పళ్లు తోమించడం, బట్టలు మార్చడం, బ్రేక్‌ఫాస్ట్‌కు కుర్చీలో కూర్చోబెట్టడం, ఇదంతా ఏడింటికి పగటి షిఫ్టు ఎక్కగానే ఊపిరాడకుండా జరిగిపోతుంది. మా మొదటి ప్లాన్ ప్రకారం పిల్లలు మూడో పీరియడ్‌లో బస్సెక్కి తొమ్మిదిన్నర దాటాక అక్కడికి చేరేవారు. అప్పటికి అందరూ తయారై టీవీ ముందు కూర్చుని ఉంటారు. పిల్లలు మంచినీళ్ల గ్లాసులు నింపి, దుప్పట్లు మడతపెట్టి, మధ్యాహ్నం భోజనం రాకముందే స్కూలుకు తిరిగి వచ్చేవారు. చెక్‌లిస్టులో ఉన్న నైపుణ్యాల్లో సగం మీద ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టే అవకాశమే రాలేదు.

పొద్దున్నే పంపాలంటే బస్సు లేదు. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా డ్రైవర్లందరూ పిల్లల్ని ఇళ్ల దగ్గర్నుంచి తెచ్చే రూట్లలోనే ఉంటారు, ఉన్న డ్రైవర్లే చాలడం లేదు. పెద్ద వ్యాన్ కొందామంటే, పది మందికి మించి కూర్చునే మామూలు కొత్త వ్యాన్‌ను స్కూలు పిల్లల్ని తిప్పడానికి డీలర్లు అమ్మకూడదని ఫెడరల్ నిబంధన, అది స్కూల్ బస్సు ప్రమాణాలకు తగ్గట్టు ఉండాల్సిందే. చివరికి యాక్టివిటీ బస్సు అనే చిన్నరకం బండి ఒకటి పెర్కిన్స్ డబ్బులతో కాకుండా డిస్ట్రిక్ట్ సొంత బడ్జెట్లోంచి తీసుకున్నాం. అథ్లెటిక్ డైరెక్టర్‌కు సాయంత్రాలు మ్యాచ్‌లకు అదే బండి ఇస్తామని మాటిచ్చాక గానీ ఫైలు కదల్లేదు. ఇలాంటి బేరాలు కేస్ స్టడీల్లో ఎందుకో కనబడవు. కానీ ఆ బండి లేకపోతే ఈ ప్రోగ్రామ్ లేదు.

ఇక పీరియడ్లు. వారంలో రెండు రోజులు 12వ తరగతి పిల్లలు స్కూలు పార్కింగ్ దగ్గర బండెక్కి నేరుగా క్లినికల్‌కు, అంటే కేర్ సెంటర్లో చేతిపని శిక్షణకు వెళ్లిపోతారు, మొదటి రెండు పీరియడ్లూ అక్కడే. ఆ పీరియడ్లలో వాళ్లకు ఉండాల్సిన ఇంగ్లిష్ క్లాసు మధ్యాహ్నానికి జరిగింది. దానికోసం కౌన్సెలర్ మొత్తం మాస్టర్ షెడ్యూల్ (స్కూలంతటి టైమ్‌టేబుల్) విప్పి మళ్లీ అల్లాల్సి వచ్చింది. బ్యాండ్‌లో ఉన్న ఇద్దరు పిల్లలు తప్పుకున్నారు, బ్యాండ్ క్లాసు ఆ ఒక్క పీరియడ్‌లోనే ఉంది మరి. మాస్టర్ షెడ్యూల్ వసంతంలోనే ఖరారైపోతుంది. ఆగస్టులో భాగస్వామి దొరికారని సంబరపడే స్కూళ్లు ఆ ఏడాదికి ఆలస్యమైపోయినట్టే లెక్క.

ఇంతా కుదిరి ఒక సెమిస్టర్ నడిచాక కేర్ సెంటర్‌కు ఇన్‌స్పెక్షన్‌లో దెబ్బ తగిలింది. తీవ్రమైన లోపాలు దొరికి పెద్ద జరిమానా పడితే, ఆ కేంద్రంలో నర్స్ ఎయిడ్ శిక్షణ రెండేళ్లపాటు జరపకూడదని ఫెడరల్ నియమం. శిక్షణ ఎవరిదైనా సరే, ఆ గోడల మధ్య జరగకూడదు. మా పిల్లల తప్పేం లేదు, ఇన్‌స్ట్రక్టర్ తప్పేం లేదు, అయినా గేటు మూసుకుంది. దగ్గర్లో వేరే చోటు లేకపోతే మినహాయింపు అడగొచ్చు. మాకు అరగంట దూరంలో ఇంకో కేంద్రం ఉంది కాబట్టి ఆ దారీ లేదు. అప్పట్నుంచి ఏ కొత్త కేంద్రంతో మాట్లాడినా ముందుగా మెడికేర్ (వృద్ధులకు ఫెడరల్ ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్ల కేర్ కంపేర్ వెబ్‌సైట్‌లో దాని ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, జరిమానాలు చదువుతాను. ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఒకే కేంద్రాన్ని నమ్ముకుని ట్రాక్ పెట్టకండి, రెండోదానితో కూడా ఒప్పందం సిద్ధంగా పెట్టుకోండి అని నేను చెప్పేది ఇందుకే.

రెండో కేంద్రం దూరమే అయినా అక్కడ ఒక మేలు జరిగింది. మొదటి చోట మీటింగులకు వచ్చింది హెచ్‌ఆర్, అడ్మినిస్ట్రేటర్. ఫ్లోర్ మీద పిల్లల్ని వెంటేసుకుని తిరగాల్సిన ఎయిడ్‌లను ఎవరూ అడగలేదు. "మాకే చేతినిండా పనుంటే వీళ్లకు నేర్పేదెప్పుడు?" అని వాళ్లు మొహం మీదే అనేవారు, అందులో తప్పు పట్టడానికేం లేదు. రెండో చోట మేం మొదటి రోజునుంచే ఇద్దరు సీనియర్ ఎయిడ్‌లను మీటింగులో కూర్చోబెట్టమని అడిగాం. వాళ్లు అడిగినవి రెండే. పిల్లలు తమతో ఉన్న గంటలకు కొంచెం ఎక్కువ రేటు, ఆ గంటల్లో తమకు ఒకరిద్దరు పెద్దవాళ్లను తక్కువగా కేటాయించడం. కేంద్రం రెండూ ఒప్పుకుంది. కొత్త ఎయిడ్ చేరి మూడు నెలల్లో మానేస్తే మళ్లీ మనిషిని వెతికి నేర్పించడానికి అయ్యే ఖర్చు ముందు అది చిన్న మొత్తమని వాళ్లే లెక్క వేసుకున్నారు.

అలా నేర్పితే ఎలా ఉంటుందో ఒక ఉదయం చూశాను. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన ఒక పెద్దాయనకు మా 17 ఏళ్ల కుర్రాడు చొక్కా తొడుగుతున్నాడు. బాగున్న ఎడమ చేతికి ముందు తొడిగేశాడు. అప్పటికే బట్ట బిగుసుకుపోయి, కదలని చేతిని వెనక్కి లాగాల్సి వచ్చేట్టు ఉంది. ఎయిడ్ ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. చొక్కా విప్పించి, "ముందు ఏ చెయ్యి?" అని అడిగింది. కుర్రాడు క్లాసులో చదివిందే, తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. పరీక్షలో టకటకా రాసేశాడు కూడా. ఆమె అంతటితో వదల్లేదు. "ఆయన్ని అడిగావా, ఈ చొక్కానే కావాలా అని?" అంది. పెద్దాయన నీలం చొక్కా వైపు చూపించాడు. మా క్లాస్‌రూమ్‌లో బొమ్మ మనిషి మీద ఆరు వారాలు చేసిన సాధనలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు, బొమ్మకు ఇష్టాయిష్టాలు ఉండవు కదా.

వయసు విషయంలో ఒక సంగతి ప్రతి కొత్త భాగస్వామికీ రాసిస్తాను. 18 ఏళ్లు నిండనివాళ్లు కరెంటుతో నడిచే పేషెంట్ లిఫ్టును సొంతంగా ఆపరేట్ చేయకూడదు. మంచం మీదినుంచి కుర్చీలోకి మనిషిని ఎత్తే ఆ యంత్రం, 2010లో సవరించిన బాలకార్మిక నిబంధనల్లో ప్రమాదకరమైన పనుల కింద వచ్చింది. 16, 17 ఏళ్లవాళ్లు 75 గంటల శిక్షణ పూర్తి చేసి ఉంటే, శిక్షణ పొందిన, 18 దాటిన సిబ్బందికి రెండో మనిషిగా సాయం చేయొచ్చని 2011లో లేబర్ శాఖ కొన్ని షరతులతో వెసులుబాటు ఇచ్చింది. జీతం లేని క్లినికల్‌కు ఇది వర్తిస్తుందా లేదా అనే వాదనలోకి మేం పోలేదు. క్లినికల్ అయినా, వేసవి ఉద్యోగమైనా మా పిల్లలకు ఒకటే రూలు. బ్యాడ్జి మీద వయసుకు తగ్గ రంగు స్టిక్కర్ ఉంటుంది, ఫ్లోర్ మీదున్నవాళ్లకు అడగాల్సిన పని లేకుండా.

కాలేజీ వైపు కథ వేరు. డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చేయడం) పేరుతో పిల్లలకు క్రెడిట్లు ఇప్పించడం ఇప్పుడు చాలా తేలిక, ఆ క్రెడిట్లు దేనికి పనికొస్తాయన్నదే ప్రశ్న. మా కాలేజీలో నర్స్ ఎయిడ్ కోర్సుకు క్రెడిట్లు ఇస్తారు. కానీ రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ లెక్కలో అవి కలవవు, సర్టిఫికెట్ అడ్మిషన్‌కు అర్హతగా మాత్రమే పనిచేస్తుంది. డిగ్రీలో కలిసేవి ఇంగ్లిష్ కంపోజిషన్, సైకాలజీ, అనాటమీ-ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి. కాలేజీ నర్సింగ్ అడ్వైజర్‌ను మా స్కూల్‌కు రప్పించి, ప్రతి క్రెడిట్ పక్కనా అది ఎక్కడ కలుస్తుందో రాయించాం. చాలా పేర్లు అక్కడే కొట్టివేశాం. అనాటమీని హైస్కూల్‌లోనే తీసుకోవాలని పిల్లలు ఉబలాటపడతారు. సైన్స్ క్రెడిట్లకు కొన్నేళ్ల గడువు పెట్టే నర్సింగ్ ప్రోగ్రామ్‌లు ఉన్నాయి కాబట్టి, వెంటనే నర్సింగ్‌లో చేరరని అనుమానం ఉన్నవాళ్లకు నేను వద్దంటాను. ఇంగ్లిష్, సైకాలజీలకు ఆ భయం తక్కువ.

ఆ ఇంగ్లిష్ కోర్సును మా స్కూల్ టీచరే చెప్తే బస్సు గొడవ ఉండదు కదా అనుకున్నాం. కాలేజీలు సాధారణంగా అడిగేది మాస్టర్స్ డిగ్రీ, ఆ సబ్జెక్టులో కనీసం 18 గ్రాడ్యుయేట్ (పీజీ స్థాయి) క్రెడిట్లు. మా ఇంగ్లిష్ టీచర్లకు మాస్టర్స్ ఉంది, ఎడ్యుకేషన్‌లో. 18 క్రెడిట్లు ఉన్నది ఒక్కరికే, ఆవిడ మధ్యాహ్నం పీరియడ్ల చుట్టూనే ఇందాక చెప్పిన షెడ్యూల్ మొత్తం తిరిగింది.

తల్లిదండ్రులకు నేను ముందే చెప్పేవి రెండున్నాయి. డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో వచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది, ఫెయిలైనా, మధ్యలో మానేసినా రేపు ఫైనాన్షియల్ ఎయిడ్ లెక్కల్లో అది కనబడొచ్చు. రెండోది, విద్యార్థుల రికార్డుల గోప్యత గురించిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వయసు పదహారైనా సరే. హైస్కూల్ రికార్డుల మీద హక్కు మాత్రం 18 నిండేదాకా తల్లిదండ్రులదే. ఈ తేడా చాలామందికి మింగుడుపడదు. మా ట్రాక్‌లో ఒక తెలుగమ్మాయి ఉండేది. వాళ్ల నాన్నగారు నా పేరు చూసి నేరుగా ఫోన్ చేశారు. "మేడం, మీరు మనవాళ్లే కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మాయి మార్కులు మాకే చూపించరా? ఇదెక్కడి న్యాయమండీ?" అన్నారు. చట్టం వివరించి, అమ్మాయి సంతకం పెడితే కాలేజీ చూపించగలదని చెప్పాను. కాసేపు ఆగి అసలు సంగతికి వచ్చారు. "డాక్టర్ చదువుతుందనుకుంటే ఆయా పనికి పంపిస్తున్నారేంటండీ?" మెడికల్ స్కూల్ అడ్మిషన్లలో రోగి పక్కన గడిపిన గంటలను ఎంత పట్టించుకుంటారో చెప్తే ఆయన శాంతించారు. నాకైతే ఆ జవాబు సగమే నచ్చింది. ఆ పని దేనికో మెట్టు అయితేనే గౌరవం అన్నట్టు ఉంటుంది. కానీ ఫోన్‌లో వాదనకు దిగితే పోయేది అమ్మాయి సీటు.

ఇదే పద్ధతిలో మెషిన్ షాపులతో కూడా ఒక ట్రాక్ నడుపుతున్నాం, దాని గురించి క్లుప్తంగా. అక్కడ ప్రతి యజమానీ మొదట చెప్పే మాట, "18 లోపు వాళ్లను ఇన్సూరెన్స్ ఒప్పుకోదు." ఎవరు చెప్పారంటే సరైన జవాబు ఉండదు. నేను వాళ్ల ఇన్సూరెన్స్ ఏజెంట్‌నే మీటింగుకు పిలిపిస్తాను. జీతమిచ్చి పెట్టుకున్న విద్యార్థి మిగతా కార్మికుల్లాగే వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే పరిహారమిచ్చే ఇన్సూరెన్స్) కిందికి వస్తాడని ఏజెంట్ నోటితో వింటే సగం అభ్యంతరాలు పోతాయి. 18 లోపు వాళ్లకు నిషేధమైన మెటల్ షియర్లు (లోహపు రేకు కోసేవి), ప్రెస్సుల్లాంటి యంత్రాలకు స్టూడెంట్-లెర్నర్ మినహాయింపు ఉంది, అంటే చదువులో భాగంగా పని నేర్చుకునే విద్యార్థులకు. రాతపూర్వక ఒప్పందం, దగ్గరుండి పర్యవేక్షణ, కొద్దిసేపు మాత్రమే పని అనే షరతులు పాటించాలి. మిగిలిన అభ్యంతరాలు నిజమైనవి, వాటిని గౌరవించాలి.

ఫలితాల సంగతి. మొదటి బ్యాచ్‌లో ఎక్కువమంది రాష్ట్ర పరీక్ష పాసయ్యారు. ఫెయిలైనవాళ్లలో కొందరు చేతులు కడగడం దగ్గరే ఫెయిలయ్యారు, అంతా సరిగ్గా చేసి చివర్లో తడిచేత్తో కుళాయి కట్టేశారు. పాసైనవాళ్లలో కొందరు వెంటనే కేర్ సెంటర్లో చేరారు. సర్టిఫికెట్ వచ్చిన 12 నెలల్లోపు అలాంటి కేంద్రంలో ఉద్యోగం వస్తే శిక్షణకు, పరీక్షకు చేతినుంచి పెట్టుకున్న ఖర్చు తిరిగివచ్చే ఏర్పాటు నిబంధనల్లోనే ఉంది. అది పిల్లలకు చెప్పేవాళ్లు లేక చాలామంది వదిలేసుకుంటారు, మేం ఫారం నింపించి పంపుతున్నాం. ఇంకొందరు కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్‌కు వెళ్లారు. గుప్పెడుమంది, ఈ పని మావల్ల కాదని తేల్చుకుని వేరే దారి చూసుకున్నారు. బోర్డు మీటింగులో ఒక సభ్యుడు వాళ్లను నష్టం కింద లెక్కేశారు. కాలేజీలో రెండేళ్ల ఫీజు కట్టాక తెలియాల్సిన సంగతి హైస్కూల్లో ఉచితంగా తెలిసింది, నా లెక్కలో అది లాభం. తెలుగమ్మాయి ఇప్పుడు బయాలజీ చదువుతూ వారాంతాల్లో ఎయిడ్‌గా చేస్తోంది.

ప్రస్తుతం మా తలనొప్పి ఇన్‌స్ట్రక్టర్ గురించి. ఉన్న నర్సు రిటైరవుతున్నారు. నిబంధనలు అడిగే అనుభవం ఉన్న రిజిస్టర్డ్ నర్సుకు ఆస్పత్రి ఇచ్చే జీతం, మా టీచర్ పే స్కేల్ ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ. యూనియన్ ఒప్పందం దాటి మేం ఎవరికీ ఎక్కువ ఇవ్వలేం. రెండో కేర్ సెంటర్ తమ నర్సును సగం రోజులకు అప్పిస్తామంటోంది, కాలేజీ ఆవిడను అడ్జంక్ట్‌గా (పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా) తీసుకుని మిగతా సగం జీతం ఇస్తానంటోంది, మేం బస్సు, క్లాస్‌రూమ్, సామాన్లు ఇస్తాం. ముసాయిదా మూడు సంస్థల లాయర్ల దగ్గర తిరుగుతోంది. ఆవిడ ఎవరి ఉద్యోగి, ఎవరి ఇన్సూరెన్స్, పిల్లవాడికి దెబ్బ తగిలితే ఎవరు జవాబుదారీ అన్నవి ఇంకా తేలలేదు. 11వ తరగతివాళ్ల కోర్సు రిజిస్ట్రేషన్ ఫిబ్రవరిలో తెరుచుకుంటుంది. అప్పటికి ఇన్‌స్ట్రక్టర్ పేరు ఖాయం కాకపోతే కౌన్సెలర్ ఆ కోర్సును జాబితాలో పెట్టరు. అందుకే లాయర్లకు నేను పంపే ప్రతి ఈమెయిల్ కిందా రిజిస్ట్రేషన్ తేదీ రాస్తున్నాను.